రెండో కోతకు అందని పైరు

తల్లిని దేవతగా పీటమీద కూర్చోబెట్టిన సమాజం ఆమె అలసటను వినడానికి ఏనాడూ ఇష్టపడలేదు. ఇంగ్లీషు రచయిత్రి రేచల్ కస్క్ 2001లో వెలువరించిన ‘ఎ లైఫ్స్ వర్క్’ ఆ అయిష్టతను లెక్కచేయలేదు. బిడ్డ పుట్టాక తల్లి పోగొట్టుకునే నిద్రనూ, ఏకాంతాన్నీ, స్వేచ్ఛనూ దాపరికం లేకుండా చెప్పింది. అందుకే దాంపత్యం విచ్ఛిన్నమయ్యాక, నడివయసులో ఆమె రాసిన ‘ఆఫ్టర్‌మాత్’ (2012) మీద పాఠకులు పెద్ద ఆశే పెట్టుకుంటారు. ఆ ఆశ తీరదు. ఎందుకు తీరదో విచారించడం రచయితలకు అవసరం.

ఇంటిగుట్టు వీధిన పెట్టిందని రచయిత్రిని ఆడిపోసుకున్నవారున్నారు. ఆ ఏటి అతి కఠిన సమీక్షకు ఇచ్చే బహుమతి 2013లో ఈ పుస్తకంపై వచ్చిన సమీక్షకే దక్కింది. ఆ పరిహాసంతో మనకు పనిలేదు. చెప్పవలసిన చోట ఆమె తప్పుకుందన్నదే మన అభ్యంతరం.

పుస్తకం ఆరంభంలోనే అసలైన వైరుధ్యం ఎదురవుతుంది. ఆ ఇంట్లో సంపాదన ఆమెది. భర్త న్యాయవాద వృత్తి మాని, ఇద్దరు ఆడపిల్లల ఆలనాపాలనా చూశాడు. విడిపోయే వేళ అతడు అన్నిటిలోనూ సగం కోరతాడు, పిల్లలతో సహా. అతడిని ఆమే పోషించవలసి ఉంటుందని న్యాయసలహా అందుతుంది. సమానత్వాన్ని నమ్మిన స్త్రీ, పిల్లలు తల్లికే చెందుతారన్న పాత మాటను ఆశ్రయిస్తుంది. ఎంత బలమైన ఘట్టం! ఇంటిచాకిరికి విలువ కట్టని వ్యవస్థలో, ఆ చాకిరి పురుషుడు చేస్తే దాని విలువెంత? సంపాదించి తెచ్చినవారికి బిడ్డపై హక్కెంత, పెంచినవారికెంత?

ఈ ప్రశ్నల ముందు రచయిత్రి ఎక్కువసేపు నిలవదు. గ్రీకు విషాద నాటకాల్లోకి వెళ్ళిపోతుంది. భర్త మాట్లాడవలసిన చోట క్లైటెమ్నెస్ట్రా, అంటిగొనె వచ్చి నిలుస్తారు. పురాణాన్ని వాడుకోవడం తప్పు కాదు. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను కలుసుకున్నప్పుడు నేటి స్త్రీ సమస్య మరింత స్పష్టపడింది. ఇక్కడ మాత్రం పురాణం వర్తమానాన్ని కప్పేసింది. సంసారం ఎందుకు కూలిందో పాఠకునికి తెలియదు. జీతం, చాకిరి, చట్టం మధ్య పుట్టిన తగాదా విధిరాతగా మారిపోతుంది. విధి అన్న తరువాత విశ్లేషణకు చోటెక్కడిది?

అమెరికన్ కవయిత్రి అడ్రియన్ రిచ్ 1976లోనే ‘ఆఫ్ ఉమన్ బార్న్’లో, ముగ్గురు కొడుకులను పెంచిన తన వేదనను రాస్తూ, తల్లి పొందే అనుభవం వేరు, సమాజం నిర్మించిన మాతృత్వ వ్యవస్థ వేరు అని విడమరచింది. అక్కడ స్వానుభవం సాక్ష్యం. కస్క్ చేతిలో అదే తీర్పయింది.

చివరి అధ్యాయం ఒక్కటీ వేరు. అది పిల్లలను చూసే పనికి ఒక ఇంట చేరిన విదేశీ యువతి సోనియా కళ్ళతో నడుస్తుంది. యజమానురాలు తొలిసారి బయటినుంచి కనిపిస్తుంది. ఆ చూపు మొదటి పుటనుంచీ ఉండి ఉంటే! 2014 నాటి ‘అవుట్‌లైన్’ నవలలో కథకురాలు తాను తగ్గి ఇతరులను మాట్లాడనిచ్చింది. ఆ మార్పుకు బీజం ఇక్కడే ఉందేమో.

గడ్డి కోసిన చేలో మళ్ళీ మొలిచే రెండో గడ్డి అన్నది ‘ఆఫ్టర్‌మాత్’ అన్న మాటకు పాత అర్థం. రచయిత్రే దాన్ని గుర్తుచేస్తుంది. కోత నొప్పిని ఆమె నిజాయితీగానే చెప్పింది. ఆ చేను ఎవరిదో, దున్నినవారెవరో చెప్పలేదు.