పాయింట్ల జ్వరం

ఎల్లారెడ్డి నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. "మామా, చెల్లెకు టైఫాయిడ్ నూట అరవై పాయింట్లు వచ్చింది. సెలైన్ పెట్టియ్యాల్నా?" జ్వరం ఎప్పట్నుంచిరా అంటే, "నిన్న పొద్దుగాల్నుంచి" అన్నాడు. 'పాయింట్లు' అనే మాట వింటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు.

వైడల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూడదు, క్రిమి మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. అవి తగినంత పెరగడానికి వారం దాకా పడుతుంది. నిన్నటి జ్వరానికి ఇవాళ పలికింది ఎప్పటి పాత జ్వరమో! 1:160 అంటే 160 క్రిములని కాదు. సీరమ్‌ను 160 రెట్లు పలచన చేసినా అందులో కలిపిన క్రిములు గుంపు కట్టాయని.

ఇలా అరగంటలో జవాబిచ్చే పరీక్షలంటేనే నాకు నమ్మకం లేదు అని రాయబోయాను. కామారెడ్డి ల్యాబ్‌లో నేను తెమడ స్లైడ్లు చూసిన రోజులు అడ్డొచ్చాయి. కార్బల్ ఫుక్సిన్ పోసి, మరగనీయకుండా ఆవిరి లేచేదాకా కింద స్పిరిట్ దీపం చూపాలి. ఆమ్లంతో కడిగి మిథిలీన్ బ్లూ వేస్తే నీలం మీద ఎర్రటి సన్నటి పుల్లల్లా టీబీ క్రిములు తేలతాయి. మిల్లీలీటరులో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే తప్ప కంటపడవు. బీడీలు చుట్టే ఒకామెకు రెండుసార్లు నెగటివ్ అని నా చేత్తోనే రాశాను. పట్నం పంపిన కల్చర్, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్ష, ఏడు వారాలకు పాజిటివ్ అని వచ్చింది. అప్పటికే ఆమె కొడుక్కూ దగ్గు పట్టుకుంది.

ఇప్పుడు గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది, టీబీ క్రిమి జన్యువునే వెతుకుతుంది, గంటకు అటూ ఇటూగా చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తొలి పరీక్షగా వాడొచ్చంది. అదీ అప్పటికప్పుడు జవాబిచ్చేదే. అది ఆనాడు ఉంటే ఆ పిల్లాడికి దగ్గు సోకేది కాదేమో.

నేను మొక్కే కల్చర్ కూడా కొలబద్దగా పొట్టిదే. రక్తం కల్చర్ నూరు టైఫాయిడ్లలో సుమారు అరవైనే పడుతుంది. కొత్త పరీక్షను దాని పక్కన పెట్టి కొలిస్తే, కల్చర్ వదిలేసిన నిజమైన రోగిని అది పట్టుకున్నా తప్పుడు పాజిటివ్ కిందే లెక్కేస్తారు. ఎన్ని నిమిషాల్లో చెప్పిందని కాదు, దేన్ని చూసి చెప్పిందని అడగాలి. ఇన్నాళ్లూ నేను తొందరనే తిట్టాను. అది పొరపాటు.

మీ ఇంట్లో జ్వరం తగ్గక డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, మొదటి మోతాదుకు ముందే కల్చర్‌కు రక్తం తీస్తారా అని అడగండి. తీయడానికి రెండు నిమిషాలు చాలు, వైద్యం ఆగనక్కర్లేదు.