మొదటి డికాక్షన్ ఎవరికి?

'తేనీరు' అన్న మాట ఎవరు పుట్టించారోగానీ వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. చైనాలో ఫుజియన్ తీరం వాళ్ళు ఈ ఆకుని 'తే' అంటారు. ఆ మాటే డచ్చివాళ్ళ ఓడలెక్కి ఐరోపా వెళ్ళి, ఇంగ్లీషువాళ్ళ నోట 'టీ' అయి మనదాకా వచ్చింది. మెట్టదారిన పోయిన 'చా' పారశీకం మీదుగా 'చాయ్' అయి హైదరాబాదు చేరింది. అందుకే అక్కడ చాయ్, మా నెల్లూరులో టీ! మన తేనీరులో మాత్రం అసలు 'తే' అలాగే ఉంది, పైగా తేనె కూడా గుర్తొస్తుంది.

కాని మనం ఇళ్ళలో తాగేదాన్ని తేనీరనడానికి నాకు నోరు రాదు. పాలూ పంచదారా అల్లమూ కలిసిన పాయసమది. అందులో ఆకు వంతు రంగు మాత్రమే. బాగుండదని కాదు సుమండీ! సాయంత్రం నాలుగింటికి అది పడకపోతే నా తల నాది కాదు. అయితే ఆకు రుచి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం.

తైవాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు మొన్న వచ్చినప్పుడు రెండు పొట్లాల ఆకు టీ, రెండు పుస్తకాలు నా చేతిలో పెట్టి, "చదువుతూ తాగు అత్తా" అంది. ఒకటి ఎనిమిదో శతాబ్దంలో లూ యూ అనే చైనా ఆయన రాసిన 'చా చింగ్' ఇంగ్లీషు అనువాదం. రెండోది జపాను ఆయన ఒకకురా కకుజో 1906లో ఇంగ్లీషులోనే రాసిన 'ది బుక్ ఆఫ్ టీ'. తోటపల్లి గూడూరులో మా వంటింటి గడప మీద కూర్చుని రెండూ చదివాను. ఇక నా తీర్పు వినండి.

ఒకకురా మన రవీంద్రనాథ్ ఠాగూరుకి స్నేహితుడు. వాక్యం పట్టుచీర అంచులా మెరుస్తుంది. ఏడు అధ్యాయాల్లో టీ గది ఉంది, పువ్వులున్నాయి, చిత్రకళ ఉంది, వేదాంతం ఉంది. టీ నోట్లో పోసుకుంటే ఎలా ఉంటుందన్నది మాత్రం కాగడా పెట్టి వెతుక్కోవాలి. పెళ్ళికెళ్ళొచ్చి పందిరీ మేళం చీరలూ అన్నీ చెప్పి, భోజనం సంగతి ఎత్తని చుట్టం లాంటి పుస్తకమిది. ఒక్క మాట మాత్రం బాగా పనికొచ్చింది. టాంగ్ రాజుల కాలంలో టీని ఉడికించేవారట, సుంగ్ కాలంలో పొడి చేసి చిలికేవారట, మింగ్ కాలం నుంచి ఆకుని వేడినీళ్ళలో నానబెడుతున్నారట. ఆ లెక్కన మనమింకా టాంగ్ కాలంలోనే ఉన్నామన్నమాట!

లూ యూ అలా కాదు, వంటింటి మనిషి. అనాథగా బౌద్ధ మఠంలో పెరిగినవాడు. నీళ్ళ మరుగు గురించి ఆయన చెప్పింది చూడండి. మొదట బుడగలు చేపకళ్ళలా లేస్తాయట, తర్వాత గిన్నె అంచున ముత్యాలసరంలా కడతాయట, ఆఖర్న అలల్లా ఎగసిపడతాయట. చేపల పులుసు పెట్టే చేతులకి ఇంతకంటె ఏ ధర్మామీటరు కావాలి?

అయితే ఈయనకి కోపం ఎక్కువ. టీలో ఉల్లీ అల్లం పుదీనా వేసి మరిగించేవాళ్ళ పానీయం కాలవలో పారబోసే నీళ్ళతో సమానమన్నాడు. మన అల్లం టీ ఆయన కంట పడలేదు గనక బతికిపోయాం. ఇంతా చేసి తాను మాత్రం మొదటి మరుగులో ఉప్పు వేసేవాడు! మన అల్లం మురుగూ, ఆయన ఉప్పు అమృతమూనా? విమర్శకులకి తమ వంటలో లోపం కనబడదనడానికి ఇదే సాక్ష్యం.

మా తీరప్రాంతంలో ఆ ఉప్పు విడిగా వెయ్యనక్కరలేదు, చాలాచోట్ల బోరు నీళ్ళలోనే ఉంటుంది. కొండనీళ్ళు ఉత్తమం, నదినీళ్ళు మధ్యమం, బావినీళ్ళు అధమం అన్నాడు లూ యూ. ఈ ఒక్క విషయంలో ఆయనకి నూటికి నూరు మార్కులు. చప్పనీళ్ళ కోసం బిందె ఎత్తుకుని నడిచిన ఏ ఆడదాన్ని అడిగినా ఈ మాటే చెబుతుంది. బోరు నీళ్ళతో పెట్టిన ఆకు టీలో వాసన చచ్చిపోయింది. అదే ఆకు, క్యాను నీళ్ళతో పెడితే ఇల్లంతా ఘుమఘుమ.

ఇక పొట్లాలు విప్పాను. మొదటిది తైవాన్ నాన్‌టౌ జిల్లా డుంగ్ డింగ్ కొండ పేరుతో వచ్చే ఊలాంగు. ఆకుని చుట్టి చుట్టి శనగగింజలంత ఉండలు చేస్తారు. పొట్లం మీద 'ఆర్కిడ్ పువ్వు, పీచ్ పండు' అని రాసుంది. ఆ పండు నేనెప్పుడూ తినలేదు. మరి రుచి తెలియనట్టేనా?

ఇక్కడే నాకు కోపం వచ్చింది. టీ రుచికి కావలసిన మాటలు మన దగ్గర లేకపోతే కదా అరువు తెచ్చుకోవడం! 'వగరు' అన్న మాట ఉగాది పచ్చడి తిన్న పసిపిల్లకి కూడా తెలుసు. టీ ఆకుకి ప్రాణం ఆ వగరే. మనం పోసే పాలలోని మాంసకృత్తులు దాన్ని పట్టేసుకుని నాలుకదాకా రానివ్వవు. గుక్క దిగాక గొంతులోంచి తిరిగొచ్చే తీపిని చైనావాళ్ళు 'హుయ్ గాన్' అని గొప్పగా చెప్పుకుంటారు. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగి చూడండి, అదే ఇది! మొలగొలుకుల అన్నం వాసన చూసి కొత్తబియ్యమో పాతబియ్యమో చెప్పే మన ముక్కుకి ఊలాంగు ఒక లెక్కా?

రెండో పొట్లం 'తూర్పు సుందరి'. పైరు మీద పచ్చదోమ వాలితే గుండె బాదుకుంటాం కదా? తైవాన్‌లో షిన్‌చు వైపు రైతులు ఆ జాతి పురుగు కుట్టిన ఆకునే ఏరి కోస్తారు. కుట్టినచోట ఆకు తన రక్షణకోసం చేసుకునే మార్పువల్లే తేనె వాసన పుడుతుంది. మందు కొడితే దోమ రాదు, దోమ రాకపోతే తేనె లేదు. తేనీరన్న పేరుకి నా లెక్కలో తగినది ఇదొక్కటే.

పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. లూ యూ చెప్పిన ఇరవైనాలుగు సామాన్లూ అక్కరలేదు, అడవిలో ఉంటే కొన్ని వదిలెయ్యొచ్చని తొమ్మిదో అధ్యాయంలో ఆయనే ఒప్పుకున్నాడు. అయిదు గ్రాముల ఆకు మూత ఉన్న చిన్న గిన్నెలో వేసి, నూరు మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు పొయ్యండి. అర నిమిషంలో వంపెయ్యండి. అదే ఆకుకి మళ్ళీ మళ్ళీ నీళ్ళు పొయ్యండి, అయిదారుసార్లు వస్తుంది. ఊలాంగు కాక పచ్చ టీ అయితే నీళ్ళు కాస్త చల్లార్చి పోసుకోవాలి, లేకపోతే చేదెక్కుతుంది. తాగేటప్పుడు గాలితో కలిపి జుర్రమంటారు రుచిగాళ్ళు. పిల్లల్ని జుర్రొద్దని కసిరే మనకి అదొక్కటీ కష్టం.

అసలు సంగతి ఆఖరికి ఉంచాను. మన ఇళ్ళలో మొదటి డికాక్షన్ మామగారికి, ఇంటాయనకి, వచ్చినవాళ్ళకి. రెండోది పిల్లలకి. మిగిలిన మడ్డిలో పాలు పోసుకుని, అదీ చల్లారాక తాగేది మనం. ఊరందరి రుచులూ మనకి తెలుసు, ఎవరికి చక్కెర తక్కువో ఎవరికి చిక్కగా కావాలో. మన రుచేమిటో మనల్ని అడిగినవాళ్ళు లేరు.

ఊలాంగు దగ్గర ఈ లెక్క తలకిందులు. మొదటిసారికి ఉండ సగమే విచ్చుకుంటుంది. అసలు రుచి రెండోసారికి, మూడోసారికి వస్తుంది. పైగా తైవాన్‌లో టీని తిన్నగా కప్పుల్లో పొయ్యరు. ముందు ఒక జారీలోకి వంపి, అక్కణ్ణుంచి అందరికీ పోస్తారు, ఒకరికి చిక్కగా ఒకరికి పలచగా పడకుండా. దాని పేరు 'న్యాయపు పాత్ర'. పెట్టినవాళ్ళ కప్పు కూడా ఆ వరసలోనే ఉంటుంది, వేడివేడిగా.

లూ యూ కూడా నురుగు అన్ని గిన్నెల్లోకీ సమంగా పడాలన్నాడు. అంతవరకూ బాగుంది. కాని మొదటి గిన్నె శ్రేష్ఠమనీ, తర్వాతవి దానికంటె తక్కువనీ, నాలుగైదు గిన్నెలు దాటితే గొంతెండిపోతే తప్ప తాగొద్దనీ కూడా రాశాడు. స్వామీ, ఆ ఆరో గిన్నె ఎవరిదో తెలుసా మీకు?

కాబట్టి పుస్తకాలకి నా మార్కులివి. ఒకకురాని మధ్యాహ్నం నిద్రకి ముందు చదవండి, కలలు బాగుంటాయి. లూ యూని పొయ్యి పక్కన పెట్టుకోండి, ఉప్పు మాట వదిలెయ్యండి. రెంటిలోనూ లేని ఆ జారీని మాత్రం కొనక్కరలేదు, పెరుగు గిన్నె అయినా చాలు. అందులోకి వంపి, మొదటి కప్పు మీకు పోసుకోండి. రుచి చూడకుండా వడ్డించడం మంచి వంటమనిషి లక్షణం కాదు మరి!