ధమని ఉబ్బినప్పుడు

రెటీనా ధమని గోడ ఒకచోట బలహీనపడి బయటికి ఉబ్బితే దాన్ని మాక్రోఅన్యూరిజం అంటారు. 1973లో అమెరికా వైద్యుడు రాబర్ట్‌సన్ రాసిన వ్యాసంతో దీనికి ప్రత్యేక గుర్తింపు వచ్చింది. షుగరు రోగుల కంట్లో కనబడే చుక్కలు వేరు, అవి కేశనాళికలవి. మాక్రోఅన్యూరిజం సాధారణంగా 100 నుంచి 250 మైక్రాన్ల ఉబ్బు. అరవై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి బీపీ ఉంటుంది.

ఉబ్బు ఊరికే ఉన్నంతకాలం ఏమీ తెలియదు. కారడం మొదలైతే నీరు, కొవ్వు రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా దాకా చేరి చూపు మెల్లగా మసకబారుతుంది. చిట్లితే ఉన్నట్టుండి నల్లటి తెర పడుతుంది. రక్తం రెటీనా ముందు, పొరల మధ్య, వెనక ఒకేసారి కనిపిస్తే ముందుగా దీన్నే అనుమానించాలి. చిక్కేమిటంటే, ఆ రక్తమే ఉబ్బును కప్పేస్తుంది. వయసుతో వచ్చే మాక్యులా జబ్బని, ఒక్కోసారి కణితి అని కూడా పొరబడతారు. మామూలు యాంజియోగ్రామ్‌లో ఫ్లోరెసిన్ రంగు వెలుగు రక్తం చాటున పడిపోతుంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే మరో రంగు పరారుణ కాంతిలో వెలుగుతుంది కాబట్టి పలచటి రక్తం గుండా కూడా ఉబ్బు కనబడుతుంది. మాక్యులా వాపు కొలతకు ఓసీటీ స్కాన్ వాడతారు.

హైదరాబాద్ అమీర్‌పేటలో కళ్లజోడు పవర్ చూపించుకున్నంత మాత్రాన ఇది బయటపడదు. చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేసి చూడాలి. మధురానగర్ వాళ్లకు బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహిదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి మరీ దూరమేమీ కాదు. చుక్కల మసక కొన్ని గంటలుంటుంది, ఆ రోజు బండి తీయకపోవడమే నయం.

వైద్యంలో అసలు నేర్పు ఆగడంలో ఉంది. చాలా ఉబ్బులు లోపల రక్తం గడ్డకట్టి వాటంతటవే మూసుకుపోతాయి. మాక్యులా తడవకపోతే కనిపెట్టి ఉండటమే వైద్యం. రోగికి ఇది రుచించదు. డబ్బు కట్టి వచ్చాక ఏదో ఒకటి చేయాలంటారు. మాక్యులాలో నీరు నిలిస్తే ఉబ్బు చుట్టూ లేజర్ పెడతారు. నేరుగా ఉబ్బు మీదే గట్టిగా కాలిస్తే ధమని మూసుకుపోయే ప్రమాదముంది. అందుకే ఇప్పుడు చాలామంది కారడాన్ని తగ్గించే యాంటీ వీఈజీఎఫ్ మందును కంట్లో ఇంజెక్షన్‌గా ఇవ్వడం వైపు మొగ్గుతున్నారు. రక్తం మాక్యులా ముందు నిలిస్తే, గడ్డకట్టకముందే యాగ్ లేజర్‌తో దాన్ని పట్టి ఉంచిన పొరకు చిన్న రంధ్రం చేసి, కంటి లోపలి జెల్లీ అయిన విట్రియస్‌లోకి జారనిస్తారు. మాక్యులా వెనక చేరిన రక్తం అంతకంటే హానికరం. దాన్ని పక్కకు నెట్టడానికి కంట్లోకి ఎక్కించే గ్యాసో, ఆ జెల్లీని తీసే విట్రెక్టమీ శస్త్రచికిత్సో అవసరమవుతుంది. రోజులు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఏ దారి పట్టినా ఫిజీషియన్ బీపీ, కొలెస్ట్రాల్ చూడాలి. రెండో కన్నూ పరీక్షించాలి: సుమారు పదిమందిలో ఒకరికి రెండు కళ్లలోనూ ఉబ్బులు ఉంటాయి.