పళ్ల దగ్గరే తేడా

నిడదవోలు జంక్షన్‌లో ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి గూడ్సును పక్కనున్న లూప్ లైనులో పెట్టారంటే ఇంజిన్ల పిచ్చి ఉన్నవాళ్లకు పండగే. తీరిగ్గా చూసుకోవచ్చు. మెయిన్ లైన్ నుంచి భీమవరం, నరసాపురం వైపు లైను చీలేది ఇక్కడే. కరెంటు తీగలు పడేదాకా ఆ లైనంతా డీజిళ్లదే రాజ్యం.

ఇంజిన్ నుదుటి మీద రాతలోనే దాని జాతకం ఉంటుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, ఏ అంటే ఏసీ కరెంటు, పీ అయితే ప్రయాణికుల బండి, జీ అయితే గూడ్సు. కలిపి చదివితే వాప్, వాగ్.

వాప్-4 పాతకాపు. సుమారు 5,000 హార్స్‌పవర్. ట్యాప్ ఛేంజర్ 32 మెట్లలో వోల్టేజి పెంచుతూ పోతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరైతే కప్లింగుల దగ్గర కుదుపు తెలియకుండా బండి కదులుతుంది.

గూడ్సుల్లో వాగ్-7ను తక్కువ చేసి చూస్తారు గానీ, దాని బోగీ, అంటే చక్రాలూ మోటార్లూ ఉండే చట్రం, చూడాల్సిన వస్తువు. బరువు లాగేటప్పుడు ఇంజిన్ ముందు చక్రాలు తేలిక పడి జారతాయి. అందుకే మోటార్లన్నీ ఒకే దిక్కుకు ఉండేలా బిగించి, ఆ తేలికదనాన్ని తగ్గించారు. వానాకాలంలో తడి పట్టాల మీద దాని విలువ తెలుస్తుంది.

నన్నడిగితే అసలు పనితనం వాగ్-9, వాప్-7 జంటలో ఉంది. ఏబీబీ కంపెనీ సాంకేతికతతో 1990ల్లో వాగ్-9 వచ్చింది. బ్రష్‌లు లేని త్రీఫేజ్ మోటార్లు, 6,000 పైచిలుకు హార్స్‌పవర్. బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లై తీగలోకి కరెంటు తిప్పి పంపుతాయి. 2000లో చిత్తరంజన్ ఇంజిన్ల కర్మాగారం వాళ్లు దాన్నే ప్రయాణికుల బండికి మలిచారు, అదే వాప్-7. మౌలికంగా మార్చింది గేర్లే. మొదటి వాగ్-9లో మోటారు వైపు 15 పళ్లు, చక్రం వైపు 77. చక్రం ఒక చుట్టు తిరగాలంటే మోటారు అయిదు చుట్లకు పైనే తిరగాలి. వాప్-7లో 20కి 72, అంటే మూడున్నర పైచిలుకు చుట్లు చాలు. మొదటిది గేరు సైకిల్ మీద గట్టు ఎక్కడం, రెండోది చదును రోడ్డు మీద తొక్కడం. ఒకటి 100 కిలోమీటర్ల వేగానికి, మరొకటి 140కి.

తర్వాత వాగ్-9హెచ్ వచ్చింది. పట్టు చాలాలని దానికి కావాలనే బరువు కట్టారు. తేలిక చేయడమే గొప్ప అనుకునే ఇంజినీర్లు బరువు పెంచి పని సాధించడం నాకు భలే నచ్చుతుంది.