వేట యను మాట

బారువ తీరమున తెల్లవాఱుజామున పడవను నీటికి దింపుచున్నవారిని ఎక్కడికని యడిగినచో "వేటకు" అని సమాధానము. చేపల మాట చెప్పరు, చెప్పనక్కఱయు లేదు. సోంపేట సీమలో ఇందఱి కూటికి సంబంధించిన యీ పదమునకు మన కావ్యప్రియులు నేర్చిన యర్థము మాత్రము మృగయ.

కారణము కావ్యములందే యున్నది. దుష్యంతుడు వేటకు వెడలియే శకుంతలను జూచెను. పాండురాజు వేటలోనే శాపము తెచ్చుకొనెను. మనుచరిత్రమున స్వరోచి వేట సరే సరి. రాజులకిది సప్తవ్యసనములలో నొకటి. మానినను వారి పొయ్యి ఆఱదు. శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నని వేట వేఱు: బోయకు అది కులవృత్తి. ధూర్జటి ఆ తేడా నెఱిగినవాడు.

ఊరిలో ఈ మాట మఱియొక దారి పట్టినది. గ్రామదేవతకు బలియిచ్చు పోతును "వేట" యందురు. అంగడిలో "వేటమాంసము" అందురు. త్రాట కట్టిన జంతువునందు పొంచుట యెక్కడ, తఱుముట యెక్కడ? వేటగాని పని చచ్చుదాని పేరైనది. సంస్కృతమునను మృగ ధాతువునకు వెదకుట యని యర్థము. మృగము, మృగయ దాని చుట్టములే. నాకు జూడగా ఆ పాత యర్థము కడలిమీదనే నిలిచియున్నది. కంటబడని దానిని నీటిక్రింద వెదకువాడు జాలరియే గదా!

ఇపుడు ప్రభుత్వ ప్రకటనలలో "వేట నిషేధము" ఏటేట వచ్చుచున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, మరపడవలు కడలికి పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలము గనుక నియమము యుక్తమే. టెక్కలి దగ్గఱ తేలినీలాపురమున విడిది చేయు గూడబాతులను కొట్టుటయు వేటయే, కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. ఈ రెండు నిషేధములకును మాట యొకటే యగుటచే, పట్టణపు చదువరి ఏదో వినోదము ఆగినదనుకొని తలయూపి పుట త్రిప్పును. అచట రెండు నెలల సంపాదన ఆగినదని తోచదు. అందుకే "వేట నిషేధ భృతి" యను మాట పుట్టినది. దానిని "మృగయానిషేధభృతి" అని చదివి చూడుడు, నవ్వు వచ్చును.

వాడుకమాటకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోనిదే. క్రొత్తగా నిఘంటువు కూర్చువారు వేట క్రింద మృగయకు ముందు చేపలు పట్టుటను వ్రాయవలెను. ఉదాహరణకై ప్రబంధములు తిరుగవేయ నక్కఱలేదు, పడవలు దిగువేళకు బారువ పోయిన చాలును.