పాదాల కోసం పుట్టిన పాట

ఈ వారం ఒక పిల్లల గాయకబృందం వీడియో చూశాను. శ్రుతి చక్కగా కలిసింది, మాటలు తేటగా వినిపించాయి. నెమ్మదిగా, గంభీరంగా పాడి ముగించారు. అంతా అయ్యాక తెరమీద పేర్లు పడ్డాయి. ‘సింపుల్ గిఫ్ట్స్’, సంగీతం: ఆరన్ కోప్లండ్. అప్పటిదాకా ఉన్న సంతోషం కాస్తా అక్కడ తగ్గిపోయింది.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టుదల తెలుసు. పల్లెబాణీని సినిమాకి తెచ్చుకున్నప్పుడు ‘జానపదం’ అన్న ఒక్క ముక్కయినా వెయ్యండని ఏళ్లుగా పోరుతున్నాను. కట్టినవాడి పేరే తెలిస్తే ఇక చెప్పేదేముంది! ఈ పాటకి ఆ పేరు ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, ఆల్ఫ్రెడ్ అనే ఊళ్లో 1848లో జోసెఫ్ బ్రాకెట్ అనే షేకర్ పెద్ద దీన్ని కట్టాడు. కోప్లండ్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టింది 1900లో.

షేకర్లంటే ఎవరో చెప్పకపోతే ఈ పాట సగమే వినిపిస్తుంది. వాళ్లదొక క్రైస్తవ శాఖ. దాని నాయకురాలు, మాంచెస్టర్ మిల్లుల్లో పనిచేసిన ఆన్ లీ అనే ఆవిడ, కొద్దిమంది అనుచరులతో 1774లో ఓడెక్కి అమెరికా చేరింది. వాళ్లకి పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు. సంఘాన్ని నడిపే పెద్దరికంలో ఆడా మగా సమానం. ప్రార్థనంటే కూర్చుని వినడం కాదు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క బారులు తీరి, పాడుతూ అడుగులు వేసేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వాయిద్యాన్ని దగ్గరికి రానివ్వలేదు. అందరి గొంతులూ ఒకే బాణీ మీద నడిచేవి. స్వరాలను అక్షరాలతో రాసుకునే పద్ధతి కూడా తామే ఏర్పరచుకుని, వేల పాటలు చేతిరాత పుస్తకాల్లో దాచారు.

బ్రాకెట్ పాట వాళ్ల లెక్కలో చురుకైన నృత్యగీతం. అందులో వంగడం గురించీ తిరగడం గురించీ వచ్చే మాటలు వేదాంతం మాత్రమే కాదు, అడుగు ఎలా వెయ్యాలో కూడా అవే చెబుతాయి. ఆయన పాడుతూ గిరగిరా తిరిగితే కోటు అంచులు ఎగిరేవని ఒక జ్ఞాపకం మిగిలింది.

కోప్లండ్ దగ్గరికి ఈ బాణీ అచ్చుపుస్తకంలోంచి వచ్చింది. నర్తకి మార్తా గ్రాహం నృత్యనాటకానికి సంగీతం కావాలని ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిజ్ ఫౌండేషన్ ఆయన్ని కోరింది. కొత్తగా ఇల్లు కట్టుకున్న జంట, పెన్సిల్వేనియా కొండలు, ఒక మతప్రబోధకుడు: ఇదీ కథ. ఎడ్వర్డ్ డెమింగ్ ఆండ్రూస్ 1940లో వేసిన షేకర్ పాటల పుస్తకంలో కోప్లండ్‌కి ఈ బాణీ దొరికింది. అప్పటికి షేకర్ల ఊళ్లు దాటి దీన్ని ఎరిగినవాళ్లు అరుదు. పెన్సిల్వేనియా పల్లెల్లో షేకర్ల స్థావరాలే లేవని ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ నృత్యనాటకానికి ‘అపలేషియన్ స్ప్రింగ్’ అన్న పేరు కూడా సంగీతం పూర్తయ్యాక గ్రాహం పెట్టిందే. 1944 అక్టోబరు 30న వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని చిన్న సభాగృహంలో తొలి ప్రదర్శన జరిగింది. చోటు చాలదు కాబట్టి పదమూడు వాయిద్యాలే. ముందు క్లారినెట్ ఒంటరిగా బాణీ ఎత్తుకుంటుంది. అయిదు రకాలుగా అది రూపు మార్చుకుంటుంది. చివరిసారి అన్ని వాయిద్యాలూ కలిసి నెమ్మదిగా, నిండుగా పలుకుతాయి. మరుసటి ఏడాది ఆ సంగీతానికి పులిట్జర్ వచ్చింది.

మరి కోప్లండ్ దాచాడా? లేదు. ఇది షేకర్ బాణీ అని, ఆండ్రూస్ సంకలనంలోంచి తీసుకున్నానని తన కృతి ముందుమాటలోనే రాశాడు. తర్వాత తర్వాత చేతులు మారేకొద్దీ ఆ మాట రాలిపోయింది. అందుకు ఆయన్ని నిలదీయలేం. పోనీ బ్రాకెట్ తరఫున వాదిద్దామంటే, పాట తనదనుకోవడం ఆ సంఘం తీరే కాదు. పాట పైనుంచి అందుతుంది, అందరిదీ అవుతుంది. అదీ వాళ్ల నమ్మకం. తన పేరు కోసం నేను పడే ఆరాటం ఆ పెద్దమనిషికి అర్థమయ్యేదో కాదో!

అలాంటప్పుడు ఈ పాట విషయంలో నిజంగా పోయిందేమిటి? దీనికి జవాబు నాకు సిస్టర్ మిల్‌డ్రెడ్ బార్కర్ దగ్గర దొరికింది. ఆవిడ చిన్నపిల్లగా ఆల్ఫ్రెడ్‌లోని షేకర్ల దగ్గర చేరింది. బ్రాకెట్ పాట పుట్టిన చోటే అది. పెద్దవాళ్లు పాడుతుంటే చెవితో పట్టుకుని నేర్చుకుంది. 1931లో అక్కడివాళ్లంతా సబ్బత్‌డే లేక్ గ్రామానికి తరలిపోయినప్పుడు ఆ పాటలు కూడా ఆవిడతో పాటే వెళ్లాయి. వందల పాటలు ఆవిడ నోటికి వచ్చు. వాటిలో కొన్ని రికార్డుకెక్కాయి. 1983లో అమెరికా ప్రభుత్వం జాతీయ వారసత్వ పురస్కారంతో గౌరవించింది. వాయిద్యం లేకుండా, ఎక్కడా సాగదీయకుండా ఆ సంఘం పాడే పాట వింటుంటే కూర్చున్న మనిషికి కూడా కాలు కదులుతుంది. కోప్లండ్, బార్కర్ ఇద్దరూ 1990లోనే వెళ్లిపోయారు. ఒకే బాణీని ఒకరు లోకమంతటికీ వినిపించారు, ఒకరు దాని నడక చెడకుండా కాపాడారు.

పోయింది ఆ నడకే. 1945లో కోప్లండ్ ఆ సంగీతాన్ని పెద్ద ఆర్కెస్ట్రాకి మార్చి రాశాక అది కచేరీ హాళ్లకెక్కింది. నర్తకులు తప్పుకున్నారు, శ్రోతలు కుర్చీల్లో స్థిరపడ్డారు. నిండుగా పలికే ఆ చివరి రూపమే జనం చెవిలో నిలిచిపోయింది. ఇవాళ సభల్లో దీన్ని జాతీయగీతంలా నిలబడి పాడుతున్నారు. కానీ కోప్లండ్ మొదట రాసింది గ్రాహం బృందం అడుగులకి. నృత్యగీతాన్ని నృత్యానికే ఇచ్చాడు. షేకర్లకి ఆయన తీర్చగలిగిన రుణం అదే, తీర్చాడు కూడా.

పేర్లు వెయ్యమని అడగడం నేను మానను. కానీ ఇకమీదట దానికన్నా ముందు ఇంకో మాట అడుగుతాను. ఏ పనికోసం పుట్టిన పాటని ఆ పని మధ్య ఒక్కసారైనా చూసి, అప్పుడు పాడండి. నాట్లపాటయితే నాట్ల వేగంలో, తిరగలిపాటయితే తిరగలి తిప్పే ఊపులో, ఈ షేకర్ పాటయితే లేచి నిలబడి అడుగు వేస్తూ నేర్పండి. బాణీ నడక తెలిసినవాడు దాన్ని నెమ్మదిగా పాడాలనుకుంటే పాడవచ్చు, తెలిసే పాడుతున్నాడు కాబట్టి. నడక తెలియకుండా పేరు ఎంత సరిగ్గా వేసినా సగం మర్యాదే.