ఒకసారికి ఒకే చిక్కు: రేమండ్ మర్ఫీ వ్యాకరణ పుస్తకం

తెలుగు మీడియంలో చదువుకుని తరువాత ఇంగ్లీషుతో అవసరం పడినవాళ్ళ మాటల్లో కొన్ని తప్పులు పదే పదే వినిపిస్తాయి. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అంటారు. ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అంటారు. ‘ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిజ్ నేమ్’ అంటారు. ఇవి తెలివి తక్కువై వచ్చిన తప్పులు కావు. రెండేళ్ళ నుంచి, సోమవారం నుంచి అంటూ తెలుగు రెండుచోట్లా ఒకే ప్రత్యయంతో పని జరుపుకుంటుంది. ఇంగ్లీషు మాత్రం ఎంతకాలమో చెప్పడానికి ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ‘సిన్స్’ కావాలంటుంది. ఫలానా విషయం గురించి చర్చించడం మనకు అలవాటు కాబట్టి ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ వచ్చి కూర్చుంటుంది. ప్రతి తప్పు వెనకా ఒక కారణం ఉంటుంది. నేర్చుకునేవాళ్ళను చిన్నబుచ్చకుండా, భయపెట్టకుండా ఇలాంటి తప్పులను దిద్దే పుస్తకాల్లో నేను అన్నిటికన్నా ముందు చెప్పే పేరు రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్’.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ దీన్ని 1985లో తొలిసారి ప్రచురించింది. 1994, 2004, 2012, 2019లలో కొత్త కూర్పులు వచ్చాయి. మన దేశంలో చాలామందికి ఇది ‘ఇంటర్మీడియట్ ఇంగ్లీష్ గ్రామర్’ అన్న పేరుతో తెలుసు. తొలి కూర్పు రాసేనాటికి మర్ఫీ ఆక్స్‌ఫర్డ్‌లోని స్వాన్ స్కూల్ ఆఫ్ ఇంగ్లీష్‌లో ఉపాధ్యాయుడు. ఆనాటి సహోద్యోగులకూ విద్యార్థులకూ ఆయన పుస్తకంలో కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఏ పుట తెరిచినా తరగతి గది అనుభవం కనిపిస్తుంది. విద్యార్థి ఎక్కడ ఆగిపోతాడో, ఏ రెండింటిని కలిపేసుకుంటాడో దగ్గర నుంచి చూసిన మనిషి రాసిన పుస్తకం ఇది.

ముందుగా దీని కట్టుబడి చూడాలి. ఒక్కో యూనిట్‌కు ఎదురెదురుగా ఉన్న రెండు పుటలు. ఎడమ పుటలో వివరణ, కుడి పుటలో అభ్యాసాలు. విషయం ఎంత పెద్దదైనా ఎడమ పుట దాటకూడదు, ఎంత చిన్నదైనా దానికి అభ్యాసం లేకుండా పోకూడదు. కుడివైపు ఖాళీ పూరిస్తూ సందేహం వస్తే చూపు ఎడమవైపు తిప్పితే చాలు, పుట తిప్పనక్కర్లేదు. చూడటానికి ఇది అచ్చుపనికి సంబంధించిన ఏర్పాటులా ఉంటుంది. అసలు క్రమశిక్షణ రచయితది. ఒక్క పుటలో ఇమడాలంటే తనకు తెలిసినదంతా చెప్పే వీలుండదు. విద్యార్థికి ఈ పూట ఏది కావాలో తేల్చుకుని మిగతాది వదులుకోవాలి.

ఆ పనితనం నాకు అన్నిటికన్నా బాగా కనిపించేది విశేషణాల వరుస చెప్పే చోట. ఇటీవలి కూర్పుల్లో అది 99వ యూనిట్. విశేషణం నామవాచకానికి ముందు రావడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. కానీ రెండుమూడు విశేషణాలు ఒకచోట చేరితే మనకు ఇంత పట్టింపు లేదు. ‘పాత పెద్ద ఇల్లు’ అన్నా ‘పెద్ద పాత ఇల్లు’ అన్నా తెలుగు చెవికి ఎబ్బెట్టు అనిపించదు. ఇంగ్లీషులో ‘ఎ బిగ్ ఓల్డ్ హౌస్’ అనాలి. తారుమారు చేస్తే అర్థం చెడదు గాని, వినేవాళ్ళకు ఏదో తేడా కొడుతుంది.

ఆ తేడా ఏమిటని అడిగితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళూ చప్పున చెప్పలేరు. రచయిత టోల్కీన్ చిన్నప్పుడు ఒక కథలో పచ్చటి పెద్ద డ్రాగన్ గురించి రాస్తే, ‘గ్రీన్ గ్రేట్ డ్రాగన్’ అనకూడదు, ‘గ్రేట్ గ్రీన్ డ్రాగన్’ అనాలని వాళ్ళమ్మ చెప్పారట. ఎందుకలా అన్నది తనకు అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదని 1955లో కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన చెప్పుకున్నారు. భాషలనే వృత్తిగా చేసుకున్న పండితుడి మాట ఇది. భాష పుట్టుకతో వచ్చినవాళ్ళు వివరించలేని విషయాన్ని మర్ఫీ బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఒక్క పుటలో చెప్పాలి.

గ్రామర్ తరగతుల్లో దీనికి తరచు వాడే సాధనం ‘ఓసాస్కాంప్’ అనే పొడి అక్షరాల మాట. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టినచోటు, పదార్థం, ప్రయోజనం అనే ఎనిమిది మెట్లకు అది గుర్తు. పరీక్షకు పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికుంటుంది? మర్ఫీ మొదట ఒకే ఒక్క గీత గీస్తారు: అభిప్రాయం చెప్పేవి ఒకవైపు, వాస్తవం చెప్పేవి ఇంకోవైపు. ‘నైస్’, ‘బ్యూటిఫుల్’ లాంటివి చూసేవాళ్ళ అభిప్రాయాలు, అవి ముందు రావాలి. ‘న్యూ’, ‘రౌండ్’, ‘ఉడెన్’ లాంటివి వస్తువులో ఉన్న లక్షణాలు, అవి తరువాత. నిత్యం మనం వాడేవి చాలావరకు రెండు విశేషణాలే కాబట్టి, ఈ ఒక్క గీతతోనే సగం పని తీరిపోతుంది.

వాస్తవాల్లో మళ్ళీ వరుస కావలసినప్పుడు ఆయన శాస్త్ర పరిభాషలోకి వెళ్ళరు, ప్రశ్నలు వేస్తారు. ఎంత పెద్దది? ఎంత పాతది? ఏ రంగు? ఎక్కడిది? దేనితో చేసింది? ఐదే ప్రశ్నలు, వరుస అంకెలతో. ‘ఎ స్మాల్ ఓల్డ్ బ్లూ ఇటాలియన్ లెదర్ బ్యాగ్’ అన్నప్పుడు ఒక్కో మాట ఒక్కో ప్రశ్నకు జవాబు. బజారులో ఒక సంచి కొనేవాళ్ళు ఎలాగూ అడిగే ప్రశ్నలే ఇవి. ఆకారానికి ఆరో అంకె వేయకుండా, పరిమాణం చెప్పే మాట ఆకారం చెప్పే మాటకు ముందు వస్తుందని పక్కన ఒక చిన్న గమనికతో సరిపెట్టారు. రెండు రంగులు కలిస్తే మధ్యలో ‘అండ్’ వస్తుందని మరో మాట. ఈ వరుస సాధారణంగా పాటించేదే తప్ప ఎప్పుడూ తప్పనిది కాదని కూడా చెబుతారు. భాష గురించి అబద్ధం ఆడకుండా సులభంగా చెప్పడం కష్టమైన విద్య. ఆ ఒక్క హెచ్చరికతో ఆయన సౌలభ్యాన్నీ నిజాయితీనీ రెండింటినీ నిలుపుకున్నారు.

కుడి పుటలోని మొదటి అభ్యాసం కూడా ఇంతే శ్రద్ధగా అల్లినది. వాక్యం మొత్తం రాయమనరు. ఒక పదబంధం ఇచ్చి, బ్రాకెట్లో ఉన్న విశేషణాన్నో, విశేషణాలనో సరైన చోట చేర్చమంటారు. విద్యార్థి తేల్చుకోవలసింది ఒక్కటే: ఇది ముందా, వెనకా? క్రియారూపం గురించి గాని ఆర్టికల్ గురించి గాని ఆ క్షణంలో బెంగ లేదు. తల్లి అన్నం కలిపి బిడ్డ నోటికి పట్టేంత ముద్ద చేసి పెట్టినట్టు, ప్రతి చిక్కునూ ఒకసారికి మింగగలిగినంతే ఇస్తారు.

పెద్ద చిక్కుల దగ్గరా ఇదే పద్ధతి. తెలుగులో ‘వచ్చాడు’ అన్న ఒకే క్రియారూపం చేసే పనిని ఇంగ్లీషు ‘కేమ్’కూ ‘హాజ్ కమ్’కూ పంచిపెడుతుంది. అందుకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ మనవాళ్ళకు ఏళ్ళ తరబడి కొరుకుడు పడదు. మర్ఫీ దానికి 7వ యూనిట్ నుంచి 14 వరకు ఎనిమిది యూనిట్లు కేటాయించారు. ‘ఫర్’, ‘సిన్స్’ల తేడాకు అందులో ప్రత్యేకంగా ఒకటి, పన్నెండోది. మనకు లేని ఆర్టికల్స్‌కు 72 నుంచి 78 వరకు ఏడు. పొరపడే రెండు రూపాలను పోల్చవలసి వస్తే పుటను నిలువుగా చీల్చి, ఒకవైపు ఒకటి, రెండోవైపు ఇంకొకటి నిలబెడతారు. నిర్వచనం చదివే లోపే కన్ను తేడా పట్టుకుంటుంది.

మొదటి పుట నుంచి చివరిదాకా వరుసగా చదవవలసిన పుస్తకం కాదిది. తెలియని యూనిట్లు మాత్రమే చేసుకొమ్మని రచయితే చెబుతారు. ఏది తెలియదో తెలియనివాళ్ళ కోసం చివర స్టడీ గైడ్ పేరుతో చిన్న ప్రశ్నల పట్టిక పెట్టారు. అక్కడ తడబడితే ఏ యూనిట్‌కు వెళ్ళాలో పక్కనే ఉంటుంది. జవాబులు కూడా వెనక ఉంటాయి. మంచి ఉపాధ్యాయుడు దొరకని ఊళ్ళో ఒంటరిగా కూర్చుని చదువుకునే అమ్మాయికి ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. దీని పరిధి వ్యాకరణమే. ఉచ్చారణకూ పదసంపదకూ వేరే సాధన చేయాలి. తెలుగువాళ్ళు మాత్రం 12వ యూనిట్‌తో మొదలుపెట్టి, ఎడమ పుట మూసి కుడి పుట పెన్సిలుతో పూరించి, పూరించిన వాక్యాలను పైకి చదివితే ఫలితం త్వరగా కనిపిస్తుందని నా నమ్మకం.

ఈ పనితనం ఇంగ్లీషుకే పరిమితం కానక్కర్లేదు. అమెరికాలో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లలకు ‘మనం’, ‘మేము’ల తేడా అచ్చం మనకు ‘ఫర్’, ‘సిన్స్’ల తేడా లాంటిదే. ‘నాకు తెలుసు’ అనాలా ‘నేను తెలుసు’ అనాలా అన్నది వాళ్ళకు నిజమైన చిక్కు. సంధులూ సమాసాలతో మొదలుపెట్టకుండా, ఇలాంటి ఒక్కో చిక్కుకు రెండేసి పుటలు కేటాయించి, చెప్పవలసింది తేల్చుకుని, మిగతాది వదులుకునే నిగ్రహంతో తెలుగు నేర్పేవాళ్ళు రాయాలి. ఆ పనికి పూనుకునేవాళ్ళు ముందుగా మర్ఫీ 99వ యూనిట్‌ను ఎదురుగా పెట్టుకుని, అందులో ఏమేం చెప్పలేదో జాబితా రాసుకోవాలని కోరుకుంటున్నాను.